గోవాల చేపల థాలీ ముందు కూసున్నప్పుడు

మా మక్తల్ దిక్కు పోరగాళ్లు గోవా పోయి, బీచ్ పక్కన బటర్ చికెన్, నాన్ తినొస్తరు. అది నారాయణపేటల దొర్కదారా? నేను మడ్‌గావ్‌ల మూడేండ్లు సెంట్రింగ్ పని చేసిన. సముద్రం చూసింది తక్కువ, పగటీలి ఖానావళిల (భోజనం హోటల్ల) తిన్నది ఎక్కువ. రాయచూర్ల లెక్కనే అక్కడ గూడ ఖానావళి అనే అంటరు.

ఇప్పుడు పోవుడు సులువే. 2024ల సికింద్రాబాద్ నుంచి వాస్కోకు రైలేసిండ్రు, మహబూబ్‌నగర్‌లనో గద్వాలలనో ఎక్కి మడ్‌గావ్‌ల దిగొచ్చు. దిగినంక మార్కెట్ దిక్కు నడువుండ్రి. బోర్డు కాదు, మందిని చూడాలె. ఆటోవాళ్లు, దుకాణాల్ల పనిచేసేటోళ్లు ఇరుకిరుకుగ కూసున్న చోటు మంచిది. పన్నెండున్నరకల్లా పోవాలె. రెండు దాటినంక మంచి చేపలు ఒడుస్తయ్, మూడు దాటితే శటర్ దించి పండుకుంటరు.

కూసోంగనే "ఫిష్ థాలీ" అనుండ్రి, చాలు. కొంకణి రాకున్నా హిందీ నడుస్తది. మా దిక్కోళ్లకు కన్నడం ఎట్లాగూ వస్తది, కారవార్ దిక్కు పనోళ్లు శానమంది ఉంటరు.

"ఉక్డేనా, తెల్లదా?" అని అడుగుతరు. ఉక్డే అంటే ఎర్రటి దొడ్డు ఉప్పుడు బియ్యం. రేషన్ల సన్నబియ్యం వచ్చినంక దొడ్డన్నం మరిచినోళ్లకు ముద్ద బరువనిపిస్తది గని, ఆ పులుసుకు అదే జోడీ. పులుసు మనలెక్క నల్లగ, చిక్కగ ఉండదు. కొబ్బరి, ఎండుమిరపకాయలు మెత్తగ నూరి పోస్తరు, నారింజ రంగుల ఉంటది. పులుపుకు చింతపండన్నా, కోకం అనే పుల్లటి పండన్నా ఏస్తరు. బాంగ్డా (మన కానాగంత చేప) పులుసుల తిర్ఫల్ అని మిరియాలసొంటి గింజలుంటయ్, వాసనకే అవి. నమిలితే నాలుక తిమ్మిరెక్కుతది, పక్కకు పెట్టుండ్రి.

పళ్లెంల ఒక మూలకు కొబ్బరి, ఉల్లిగడ్డ కలిపిన ఎండు రొయ్యలు ఉంటయ్, కిస్మూర్ అంటరు. దాన్ని కూర లెక్క ఒక్కటేసారి కలపొద్దు, ముద్ద ముద్దకు నంజుకోవాలె, మనం తొక్కు నంజుకున్నట్టు. తిస్ర్యో అనే గుల్లలు గూడ పెడ్తరు. లోపలి మెత్తటిది తీసుకొని చిప్ప పారేయాలె. నేను మొదటిసారి చిప్పతోనే కొరికి పన్ను పట్టుకొని కూసున్న.

వేపుడు చేప రవ్వ అద్ది కాలుస్తరు. జూరాల కాడ తిన్నోళ్లకు మసాలా తక్కువనిపిస్తది. రవ్వ వద్దంటే "రెషాద్" అని అడుగుండ్రి, ఎండుమిరపకాయ, వెనిగర్ నూరిన ఎర్ర మసాలా పట్టించి తెస్తరు. బాంగ్డాకు నడిమి ముల్లు లేపితే సగం పని ఒడుస్తది. రవ్వు చేప ముళ్లతోని పెరిగినోళ్లకు ఇదొక లెక్కనా!

పైసలు పోయేది ఇక్కడనే. చిన్న చేప థాలీ ధరల్నే వస్తది. పాప్లెట్ (మన చందువా), ఇస్వణ్ (మన వంజరం) వేరే చెప్తే ధర దగ్గర "ఏపీఎస్" అని రాసుంటది, సైజును బట్టి అని. అడగకుండ ఒక పాప్లెట్ తిని, దినం కూలి ఆ బల్ల మీదనే పెట్టొచ్చిన. చేపను చూపియ్యమనుండ్రి, ధర చెప్పినంకనే నూనెల వెయ్యమనుండ్రి. సిగ్గేం లేదు, అక్కడోళ్లు గూడ అడుగుతరు.

గులాబి రంగు గిలాస వస్తే రోజ్ మిల్క్ అనుకోకుండ్రి. అది సోల్ కడి, కోకము, కొబ్బరిపాలు. ఆఖరికి తాగాలె, కొంచెం అన్నంల గూడ పోసుకోవచ్చు, మన సల్ల లెక్క. పెరుగు అడగకుండ్రి, చేపల మీద మనమూ తినం కదా.

జూన్, జూలై నెలల్ల మరబోట్లు సముద్రంలకు పోనియ్యరు, అప్పుడు తాజా చేప తక్కువ, ధర ఎక్కువ. సోమవారం నీసు ముట్టనోళ్లు అక్కడ గూడ శానమంది. ఆ దినం పొద్దుగాల భాజీ పావ్, సాయంత్రం బండి కాడ రోస్ ఆమ్లెట్ తినుండ్రి. ఆమ్లెట్ మీద పోసే మసాలా పులుసు మామూలుగా కోడిదే. పంది, బీఫ్ తిననోళ్లు ఆర్డర్‌కు ముందే అడగాలె, చౌరీస్ అంటే పంది మాంసమే.

వచ్చేటప్పుడు మార్కెట్ల ఎండు కోకం పావుకిలో తెచ్చిన. మా అమ్మ వాసన చూసి, "మన చెట్టుకు చింతకాయ లేదనుకున్నవా" అన్నది. రెండో దినం చేపల పులుసుల ఏసింది. చింతపండు గూడ ఏసింది.