పుస్తకాలు జిరాక్స్ తీసి పంచడానికి లైసెన్స్: ఎలా అప్లై చేయాలి, ఎంతవరకు చెల్లుతుంది

ముందు అసలు మీకు లైసెన్స్ అవసరమా అని చూస్కోండి. సొంతంగా చదువుకోడానికో రీసెర్చ్‌కో కొన్ని పేజీలు తీసుకుంటే కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం పర్మిషన్ అక్కర్లేదు, టీచర్ పాఠం చెప్పడం కోసం కాపీలు తీయించినా అంతే, 2016లో ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో హైకోర్టు కూడా పాఠానికి అవసరమైనంత వరకు తప్పు లేదనే చెప్పింది. కానీ కోచింగ్ సెంటర్ వాళ్లు గైడ్ మొత్తం బైండింగ్ చేసి ఫీజులో కలిపి అమ్ముకుంటే ఆ తీర్పు వాళ్లని కాపాడుతుందని నేనైతే అనుకోను.

లైసెన్స్ కావాలంటే మొదట పుస్తకం లోపలి పేజీలో హక్కులు ఎవరివో చూడండి. రచయిత పోయి 60 ఏళ్లు దాటితే (పోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి లెక్క) అడగక్కర్లేదు, కాకపోతే కొత్త ఎడిషన్‌లో వేరేవాళ్లు రాసిన ముందుమాట, వివరణలు అందులోకి రావు.

పెద్ద పబ్లిషర్ల పుస్తకాలు చాలా కావాలంటే ఢిల్లీలో ఉండే ఇండియన్ రిప్రోగ్రాఫిక్ రైట్స్ ఆర్గనైజేషన్‌కి (రచయితలు, పబ్లిషర్ల తరఫున జిరాక్స్ లైసెన్సులు ఇచ్చే కాపీరైట్ సొసైటీ) అప్లై చేయొచ్చు. మీది ఏ సంస్థ, ఎంతమంది స్టూడెంట్స్, ఏ పుస్తకాలు, ఎన్ని కాపీలు అన్నీ రాయండి. ఇలాంటి సొసైటీల రిజిస్ట్రేషన్ 5 ఏళ్లకే, అందుకే డబ్బు కట్టేముందు అది నడుస్తోందో లేదో కనుక్కోండి. ఇక్కడే చాలామంది పొరబడేది, లైసెన్స్ వచ్చిందని ఏ పుస్తకమైనా తీసేయొచ్చు అనుకుంటారు. సొసైటీకి హక్కులు అప్పగించిన వాళ్ల పుస్తకాలకే అది చెల్లుతుంది, అదీ లైసెన్స్‌లో రాసిన మేరకే, అందులో లేకపోతే పిడిఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, తెలుగులోకి అనువదించడం కుదరదు.

మన తెలుగు పుస్తకాలు బోలెడు రచయితలే సొంతంగా వేసుకున్నవి, కాబట్టి నేరుగా వాళ్లకో, వాళ్లు లేకపోతే వారసులకో లెటర్ పెట్టడమే మంచిది. ఏ ఎడిషన్, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా, ఎన్ని కాపీలు, ఉచితమా డబ్బుకా, ఎన్నాళ్లకి అన్నది స్పష్టంగా రాయండి. ఫోన్లో "దానిదేముందండీ, తీస్కోండి" అంటే చాలదు, సెక్షన్ 30 ప్రకారం రాతపూర్వకంగా ఉండాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లే అని లెక్క, ఎక్కడెక్కడ అన్నది రాయకపోతే ఇండియా వరకే, అమెరికాలో తెలుగు బడికి పంపేవాళ్లు ఇది మర్చిపోవద్దు.

హక్కుదారు ఎవరో ఎంత వెతికినా దొరక్కపోతే సెక్షన్ 31ఏ కింద కమర్షియల్ కోర్టుకి వెళ్లొచ్చు, దానికి ముందు ఇంగ్లీష్ డైలీలో ప్రకటన ఇవ్వాలి. పుస్తకం మళ్లీ అచ్చు వేసేవాళ్లకి ఓకే, నలభై కాపీల కోసం అంత తంటా ఎందుకు, వేరే పుస్తకం చూస్కోండి.

లైసెన్స్ చేతికొచ్చాక ఒక కాపీ జిరాక్స్ షాపులో కూడా ఇవ్వండి, ఢిల్లీ కేసులో పబ్లిషర్లు యూనివర్సిటీతో పాటు షాపు మీద కూడా దావా వేశారు.