మాస్టరా, మాస్టేరా? ఫ్రాన్స్‌లో కొత్తగా దిగినవారికి డిగ్రీల సంగతి

పోయిన సెప్టెంబరులో గుంటూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు లియాన్ స్టేషన్ బయట కాఫీ తాగుతూ తన అడ్మిషన్ లెటర్ నా చేతిలో పెట్టాడు. "డేటా సైన్స్‌లో మాస్టర్స్ అన్నా" అన్నాడు మురిపెంగా. ఫీజు ఏడాదికి పదివేల యూరోల పైనే. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన లోను. లెటర్లో ఉన్న మాట మాస్టర్ కాదు, మాస్టేర్. ఇలా తెలుగులో రాస్తే తేడా తెలుస్తోంది గానీ ఫ్రెంచివాళ్ల నోట రెండూ ఒక్కలాగే పలుకుతాయి. స్పెల్లింగు చూస్తే తప్ప దొరకదు: రెండో మాటలో నడిమి 'ఈ' అక్షరం మీద చిన్న వాలుగీత, చివర ఇంకో 'ఈ'. ఆ గీత ఖరీదెంతో అతనికి ఎవరూ చెప్పలేదు. ఇంటిదగ్గర ఫైలు పెట్టినవాళ్లకైనా తెలుసో లేదో!

మాస్టర్ అనేది ఇక్కడ ప్రభుత్వ డిప్లొమా. యూనివర్సిటీ దాన్ని ప్రభుత్వం పేరు మీద ఇస్తుంది. మాస్టేర్ అలా కాదు, ప్రైవేటు స్కూళ్లు తమ కోర్సుకు పెట్టుకునే పేరు. అందులో 'మాస్టేర్ స్పెసియాలిజే' ఒక్కటి వేరు, దానికి గ్రాండ్ ఎకోల్ల (పోటీతో చేర్చుకునే పేరున్న స్కూళ్ల) సమాఖ్య లేబుల్ ఉంటుంది. మిగతావాటి బ్రోషర్లలో "ఆర్ఎన్‌సీపీ ఏడో స్థాయి, మాస్టర్‌తో సమానం" అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఆర్ఎన్‌సీపీ అంటే ఉద్యోగ అర్హతల జాతీయ జాబితా. స్థాయి సమానమే, డిగ్రీ మాత్రం కాదు. ఉద్యోగమిచ్చేవాడు చాలాసార్లు ఆ తేడా పట్టించుకోడు. విదేశీయులకు నివాస కార్డులిచ్చే ప్రభుత్వ ఆఫీసు, ప్రెఫెక్చర్, పట్టించుకుంటుంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే 12 నెలల కార్డు 'గ్రాద్ ద మాస్టర్' (మాస్టర్ డిగ్రీ హోదా) ఉన్న డిప్లొమాకి, ఉద్యోగానికి తయారుచేసే డిగ్రీ లిసాన్స్ ప్రొఫెషనెల్‌కి, సమాఖ్య లేబుల్ ఉన్న కోర్సులకి వస్తుంది, ఉత్త ఆర్ఎన్‌సీపీ టైటిల్‌కి రాదు. పైగా మాస్టర్ హోదా ఉన్న భారతీయులకు, 2018లో రెండు దేశాలు రాసుకున్న ఒప్పందం వల్ల, ఆ కార్డు ఇంకో 12 నెలలు పొడిగించుకునే వీలుంది. రేపు పీహెచ్‌డీలో చేరాలన్నా ముందు అడిగేది 'గ్రాద్ ద మాస్టర్' ఉందా అనే.

కాబట్టి స్కూలుకు మెయిల్ పెట్టినప్పుడు "మీ కోర్సు మంచిదేనా" అని అడక్కండి. "ఈ డిప్లొమా గ్రాద్ ద మాస్టర్ ఇస్తుందా, అవునా కాదా" అని అడగండి. జవాబు రెండు పేరాలు దాటిందంటే కాదనే అర్థం.

మనవాళ్లలో ఇంకో అపోహ ఉంది. యూనివర్సిటీ అంటే థియరీ, పనికొచ్చే చదువు అంటే ప్రైవేటు అని. ఇక్కడ లెక్క అది కాదు. ఒకప్పుడు మాస్టర్ ప్రో (ఉద్యోగానికి), మాస్టర్ రెషెర్ష్ (పరిశోధనకు) అని విడివిడిగా ఉండేవి. ఇప్పుడు కాగితం మీద రెండూ ఒకటే, మాటవరసకి ఇంకా అలా అంటుంటారు. కోర్సు పేజీలో చివరి సెమిస్టర్ చూడండి. ఆరు నెలల స్టాజ్ (ఇంటర్న్‌షిప్) కంపెనీలో అని ఉంటే ప్రో, ల్యాబ్‌లో అని ఉంటే రెషెర్ష్.

బీటెక్ సీఎస్ఈ వాళ్లకి నేను మొదట చెప్పేది మియాజ్. సాఫ్ట్‌వేర్, కంపెనీ నిర్వహణ కలిపి నేర్పే కోర్సు. గ్రెనోబుల్, తులూజ్‌తో పాటు చాలా యూనివర్సిటీల్లో ఉంది, కంపెనీలకు ఆ పేరు బాగా తెలుసు. ఎంబీఏ ఆలోచన ఉన్నవాళ్లు ఐఏఈలు చూడండి. యూనివర్సిటీ లోపలే నడిచే మేనేజ్‌మెంట్ స్కూళ్లు ఇవి. డిప్లొమా మాస్టరే, ఫీజు బిజినెస్ స్కూళ్ల ఫీజులో చిన్న ముక్క. చాలాచోట్ల స్కోర్ ఐఏఈ అనే పరీక్ష రాయాలి. 'ఇంజెన్యూర్ డిప్లొమే' అనే బిరుదు పెట్టుకోవాలంటే అది వేరే డిప్లొమా. 1934 నుంచి సీటీఐ అనే కమిషన్ దానికి కాపలా కాస్తోంది. మన బీటెక్‌తో ఇక్కడ 'ఇంజెన్యూర్ డిప్లొమే' అనిపించుకోలేం. యూనివర్సిటీల్లో ఉండే పాలిటెక్ అనే ఇంజనీరింగ్ స్కూళ్లలో మధ్యలో చేరే దారి ఉంది గానీ ఫ్రెంచి గట్టిగా రావాలి.

ఇంటర్ అయి వచ్చేవాళ్లకి ఐయూటీల్లో (యూనివర్సిటీల టెక్నాలజీ సంస్థల్లో) బీయూటీ అనే డిగ్రీ ఉంది. 2021 నుంచి మూడేళ్ల కోర్సు, అంతా ఫ్రెంచిలోనే. ఇంటర్ తర్వాత రెండేళ్లు చదివినవాళ్లకి లిసాన్స్ ప్రొఫెషనెల్ ఒక్క ఏడాది. డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లు అందులో చేరడం మెట్టు దిగడమే.

ఇక్కడ అన్నీ బాక్ నుంచి లెక్కపెడతారు. బాక్ అంటే మన ఇంటర్ అనుకోండి. లిసాన్స్ బాక్ ప్లస్ 3, మాస్టర్ బాక్ ప్లస్ 5. మన బీటెక్ ప్లస్ 4 దగ్గర ఆగుతుంది, అక్కడే పేచీ. మామూలుగా ఎం1 (మాస్టర్ మొదటి ఏడాది) నుంచే మొదలుపెట్టమంటారు. నేరుగా ఎం2 ఇస్తే మంచిదే, ఇవ్వకపోతే ఏడ్వకండి. ఎం1 ఏడాది లేకుండా నేరుగా ఎం2లో దిగిన నా రూమ్మేట్‌కి సెప్టెంబరులో క్లాసులు, అక్టోబరులోనే స్టాజ్ వేట. అప్పటికి అతని ఫ్రెంచి 'బోంజూర్' దాటలేదు.

స్టాజ్ దగ్గర ఒక్క కాగితం ప్రాణం: కన్వెన్షన్ దె స్టాజ్. మీరు, కంపెనీ, యూనివర్సిటీ ముగ్గురూ సంతకం పెట్టాలి. అది లేకుండా ఏ కంపెనీ గేటు తీయదు. రెండు నెలలు దాటితే డబ్బు ఇచ్చి తీరాలి. 2025లో కనీసం గంటకు 4.35 యూరోలు. ఇది పార్ట్‌టైమ్‌కి ఇచ్చిన ఏడాదికి 964 గంటల లెక్కలోకి రాదు.

దానికన్నా మేలైనది ఆల్తర్నాన్స్. వారంలో మూడు రోజులు కంపెనీ, రెండు రోజులు క్లాసు, లేదా నెలలో వారం క్లాసు అన్నట్టు నడుస్తుంది. అప్రెంటిస్ కాంట్రాక్టు దొరికితే కోర్సు ఫీజు మీ జేబులోంచి పోదు, జీతం కూడా వస్తుంది. కనీస వేతనం స్మిక్‌లో వాటా అది. 21 నుంచి 25 ఏళ్లవారికి మొదటి ఏడాది 53 శాతం, 26 దాటితే పూర్తి స్మిక్. మనలాంటివాళ్లకి ఫ్రాన్స్‌లో మొదటి ఏడాది ఈ కాంట్రాక్టుకు ఆంక్ష ఉంటుంది, మాస్టర్ హోదా ఇచ్చే కోర్సులో చేరినవాళ్లకి సడలింపు ఉంది. ఇక్కడ కూడా ఆ గీతే! కంపెనీని మాత్రం మీరే వెతుక్కోవాలి, ఇంటర్వ్యూ ఫ్రెంచిలోనే. "మా స్కూలు ఆల్తర్నాన్స్ గ్యారంటీ" అన్నవాణ్ణి రాసిమ్మనండి.

ఫీజుల విషయం. 2019లో యూరప్ బయటివారికి లిసాన్స్ 2770, మాస్టర్ 3770 యూరోలు చేశారు, ఆ తర్వాత ఇంకాస్త పెరిగింది. ఎక్సోనెరాసియోన్ పేరుతో తగ్గించి, ఫ్రెంచి పిల్లలు కట్టేంతే కట్టించుకునే యూనివర్సిటీలూ ఉన్నాయి. అడిగితే పోయేదేం లేదు. సీవెక్ అని ఇంకో 100 యూరోల పైన, అది కట్టిన రసీదు లేనిదే రిజిస్ట్రేషన్ జరగదు.

ఇప్పటికే వచ్చేసి తప్పు కోర్సులో ఉన్నామనిపిస్తే దారి మూసుకుపోలేదు. ఇక్కడ ఉంటున్నవాళ్లు ఎం1కి 'మోన్ మాస్టర్' సైటులో పెట్టుకోవచ్చు. దరఖాస్తులు దాదాపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఇండియా నుంచి వచ్చేవారికి అది కాదు, క్యాంపస్ ఫ్రాన్స్ వారి 'ఎత్యూద్ ఆన్ ఫ్రాన్స్'. గుంటూరు కుర్రాడు అలాగే పెట్టుకుని ఐఏఈకి మారాడు. కట్టిన పదివేలు వెనక్కి రాలేదు.

మార్కులు 20కి వేస్తారు, 10 వస్తే పాస్. 14 అంటే 'బియాన్', గొప్ప. మా నాన్నకి 14 అని చెబితే "అంతేనా?" అన్నారు. 16 వచ్చినవాణ్ణి క్లాసంతా వెనక్కి తిరిగి చూస్తారు.

పాసయ్యాక అసలు డిప్లొమా చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది. దానికోసం కూర్చుంటే కార్డు గడువు దాటిపోతుంది. రిజల్ట్ వచ్చిన రోజే స్కొలారితే (విద్యార్థుల రికార్డులు చూసే) ఆఫీసులో 'అతెస్తాసియోన్ ద రెయుసిత్', అంటే పాసైనట్టు ధ్రువపత్రం అడగండి. ప్రెఫెక్చర్ దరఖాస్తుకు అది చాలు. ఆగస్టులో మాత్రం వెళ్లకండి, కిటికీ మూసే ఉంటుంది.