ప్రీప్రెస్ సాఫ్ట్‌వేర్ ఏది కొనాలి? పాడైన జాబ్‌లనే అడగండి

ప్రీప్రెస్ సాఫ్ట్‌వేర్ అంటే వచ్చిన ఫైలును సరిచూసి, అచ్చు ప్లేటు తీయడానికి సిద్ధం చేసేది. డెమోలో చూపించే ఫైలు ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది, మన ప్రెస్‌కి వచ్చేవి అలా ఉండవు. ఫీచర్ల పట్టిక పక్కన పెట్టి, ఈ మధ్య రెండోసారి ప్లేటు తీయాల్సి వచ్చిన జాబ్‌లను ముందేసుకోండి. వాటిలో ఒకదాన్ని డెమో వాళ్లకే ఇచ్చి, తప్పు పట్టమనండి.

సమస్య: తెల్ల అక్షరాలు ప్లేటు మీద మాయం

నల్ల అక్షరాలకు ఓవర్‌ప్రింట్ (కింది రంగును తీసేయకుండా దాని మీదే అచ్చు వేయడం) పెట్టి, తర్వాత రంగు మాత్రం తెలుపుకి మార్చారు. ఆఫ్‌సెట్‌లో తెలుపంటే ఇంకు లేకపోవడమే కాబట్టి కింది రంగు అలాగే ఉండిపోతుంది. అక్రోబాట్ ప్రోలో ఔట్‌పుట్ ప్రివ్యూ తెరిస్తే ఇది బయటపడుతుంది. రోజూ వచ్చే ఫైళ్లు ఎక్కువైతేనే పిట్‌స్టాప్, పీడీఎఫ్‌టూల్‌బాక్స్ లాంటి ఫైలు తనిఖీ సాఫ్ట్‌వేర్ కొనండి.

సమస్య: ఒత్తులు విడిపోయాయి, గుణింతం చెదిరింది

పాత నాన్-యూనికోడ్ ఫాంటు ఫైల్లో ఎంబెడ్ కాకపోయి (ఫైలుతో కలిసి రాకపోయి) ఉండొచ్చు. యూనికోడ్ అయితే ఇన్‌డిజైన్‌లో పేరాకి వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టారో లేదో చూడండి. టైప్ 1 ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లదీ ఇదే తంటా, 2023 నుంచి అడోబీ వాటికి మద్దతు తీసేసింది. అక్షరాలను కర్వ్స్ (గీతల బొమ్మ) చేసి పంపమనడం మన ప్రెస్‌లలో పాత అలవాటు. అక్షరం చెదరదు, నిజమే. కానీ చివరి నిమిషంలో ధర మారితే దిద్దడానికి అక్కడ టెక్స్టే ఉండదు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఫాంట్ల విషయంలో ప్రీఫ్లైట్ (సాఫ్ట్‌వేర్ చేసే ఫైలు తనిఖీ) చూసేది ఫాంటు ఎంబెడ్ అయిందా లేదా అనే. ఒత్తు సరిగ్గా పడిందా అన్నది దానికి పట్టదు. ఎంత ఖరీదైన ప్యాకేజీ కొన్నా తెలుగు చదవడం వచ్చిన మనిషి ప్రింటు తీసి చూడాల్సిందే. మందుల కార్టన్లు వేసేవాళ్లు మాత్రం, పార్టీ (కస్టమర్) ఓకే చేసిన పీడీఎఫ్‌తో కొత్త ఫైలును పోల్చి తేడాలు చూపే సాఫ్ట్‌వేర్ మీద డబ్బు పెట్టొచ్చు.

సమస్య: ప్రూఫ్ ఒక రంగు, ప్రింటు ఒక రంగు

ఇక్కడే అందరూ సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. ముందు ప్రూఫ్ (అచ్చుకి ముందు తీసే నమూనా) ఏ ప్రమాణానికి తీశారో చూడండి. ప్రూఫ్ ఫోగ్రా 39 అనే రంగు ప్రమాణానికి, మెషీన్ ఫోగ్రా 51కి సెట్ అయి ఉంటే రెండూ కలవవు. తర్వాత కాగితం: మెరిసే తెల్ల ప్రూఫ్ పేపర్ పక్కన మామూలు డ్యూప్లెక్స్ బోర్డు ఎప్పుడూ మసకే. మూడోది వెలుతురు. ట్యూబ్‌లైట్ కింద ఓకే చేయించిన రంగు గురించి తర్వాత గొడవపడి లాభం లేదు, రంగు చూడటానికి ప్రమాణంగా పెట్టుకున్న డీ50 లైటు కావాలి.

ప్రూఫింగ్ సాఫ్ట్‌వేర్ అంటే జీఎంజీ కలర్‌ప్రూఫ్, ఫియరీ ఎక్స్ఎఫ్, సీజీఎస్ ఓరిస్... ఏదైనా పని చేస్తుంది, మెషీన్ నిలకడగా ఉంటే. నా మాట అడిగితే ముందు రంగు కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్ కొనండి. ప్రతి ప్రూఫ్ అంచునా కంట్రోల్ వెడ్జ్ (రంగు కొలత పట్టీ) వేసి కొలవండి. స్పాట్ కలర్‌కి (ముందే కలిపిన ప్రత్యేక ఇంకు రంగుకి) ఇంక్‌జెట్ ప్రూఫ్‌ని నమ్ముకోకండి, అదే బోర్డు మీద అసలు ఇంకుతో డ్రాడౌన్ (ఇంకు పూసి చూసే నమూనా) తీసి పార్టీ సంతకం తీసుకోండి.

సమస్య: నీడ చుట్టూ తెల్ల పెట్టె

స్పాట్ కలర్ మీద డ్రాప్ షాడో వేసి, ఫైల్లోనే ఫ్లాటెన్ చేశారు (పారదర్శక భాగాలను మామూలు భాగాలుగా కలిపేశారు). పారదర్శకత తీసేసి ఉండే పీడీఎఫ్/ఎక్స్-1ఏ బదులు, దాన్ని అలాగే ఉంచే ఎక్స్-4 అడగండి. మీ రిప్ (ఫైలును ప్లేటుకి తగిన చుక్కలుగా మార్చేది) పాతదై, అడోబీ పీడీఎఫ్ ప్రింట్ ఇంజిన్ లాంటిది లేనిదైతే, ముందు మార్చాల్సింది దాన్నే.

సమస్య: నాలుగు రంగుల జాబ్‌కి ఆరు ప్లేట్లు

ఒకే ప్యాంటోన్ రంగు రెండు పేర్లతో ఉంది, లేదా డైలైన్‌ని (కటింగ్ గీతను) కూడా సాఫ్ట్‌వేర్ రంగుగా లెక్కేసింది. సెపరేషన్ ప్రివ్యూలో (ప్లేటు వారీగా రంగులు చూపేది) చూసి పేర్లు కలపండి, డైలైన్ ప్లేటు ఆపేయండి.

సమస్య: ఫ్లెక్సోలో గుండ్రటి లోగో కోడిగుడ్డులా సాగింది

ఫ్లెక్సోలో మెత్తటి ప్లేటు వాడతారు, అది సిలిండర్‌కి చుట్టినప్పుడు ఆ దిశలో సాగుతుంది. దానికి తగ్గట్టు ముందే ఫైలును కుదించాలి. ఈ పని, ట్రాపింగు (రంగుల మధ్య తెల్ల గీత రాకుండా అంచులను కొంచెం ఒకదానిమీదొకటి వేయడం), ఫిల్మ్ కింద తెల్ల ఇంకు రోజువారీ అయితేనే ఎస్కో ఆర్ట్‌ప్రో+, హైబ్రిడ్ ప్యాక్‌జ్ లాంటివాటి వైపు చూడండి. బ్రోచర్లు, పుస్తకాలు, పెళ్లి శుభలేఖలే ఎక్కువైతే మంచి ఇంపోజిషన్ (పేజీలను పెద్ద షీటు మీద అమర్చడం) ఉన్న వర్క్‌ఫ్లో సాఫ్ట్‌వేర్ చాలు. ప్రినర్జీ, ప్రినెక్ట్, అపోజీల్లో మీ సీటీపీకి (కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు తీసే మెషీన్‌కి) ఏది కుదిరితే అది.