విదేశంలో పిల్లలకు సంగీతం, కూచిపూడి: గురువు ఎంపిక నుంచి ఇంటి సాధన దాకా

న్యూజెర్సీలో ఉన్నా, డాలస్‌లో ఉన్నా, లండన్‌లో ఉన్నా తెలుగు కుటుంబానికి ఇవాళ గురువు దొరకడం పెద్ద కష్టం కాదు. దగ్గర్లో ఉన్నవారి దగ్గర చేర్చాలా, ఇండియాలోని పెద్ద విద్వాంసుల దగ్గర ఆన్‌లైన్‌లో చెప్పించాలా అన్న దగ్గరే తల్లిదండ్రులు తడబడతారు. మొదటి రెండేళ్లు ఎదురుగా కూర్చుని నేర్చుకోవడమే మంచిది. శ్రుతి జారడం, తాళం వేసే చెయ్యి తొందరపడడం, అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే నాట్య భంగిమలో) మోకాళ్లు ముందుకు వాలడం లాంటి తప్పులను పుట్టిన రోజే పట్టుకోవాలి. తెర మీద అవి సరిగా వినపడవు, కనపడవు. అలవాటైన తప్పును మాన్పించడం కొత్త పాఠం చెప్పడం కన్నా ఎంతో కష్టం.

గురువును ఎలా వెతకాలి

ముందు మీ ఊళ్లో జరిగే త్యాగరాజ ఆరాధనకు వెళ్లండి. ఆరాధన తిథి అయిన పుష్య బహుళ పంచమి సాధారణంగా జనవరిలో వస్తుంది కానీ, అక్కడి సంఘాలు హాలు దొరికిన శని, ఆదివారాల్లో జరుపుకుంటాయి. ఆ రోజు మీ చుట్టుపక్కల సంగీతం చెప్పేవారి శిష్యులు ఒకే వేదిక మీద పాడతారు. బాగా పాడే పెద్దమ్మాయిని చూసి నిర్ణయానికి రావద్దు, ఆమె ఇంకోచోట నేర్చుకుని వచ్చి ఉండొచ్చు. చేరి ఏడాది, రెండేళ్లయిన చిన్నపిల్లలను వినండి. గుంపులో పాడుతున్నా తంబురాలో కలుస్తున్నారా? తాళం ఎవరి చేత్తో వారే వేస్తున్నారా, పక్కవాళ్ల చెయ్యి చూసి వేస్తున్నారా? గురువు ఎంత శ్రద్ధగా చెబుతారో అక్కడ తెలిసిపోతుంది.

తర్వాత ఒక పాఠం జరుగుతుండగా కూర్చుని చూడడానికి అనుమతి అడగండి. తరగతికి నలుగురు దాటితే ముప్పావు గంటలో ఒక్కొక్కరి గొంతు విడిగా వినడం కుదరదు. ఫీజు నెలకా, పాఠానికా, సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు తప్పిన పాఠాల మాటేమిటి అన్నవి మొహమాటపడకుండా మొదటి రోజే మాట్లాడుకోవాలి.

కూచిపూడి అయితే బాణీ ఏదో తెలుసుకోవాలి. విదేశాల్లో చెబుతున్న వారిలో చాలామంది వెంపటి చినసత్యం గారి పరంపర వాళ్లు. ఆయన 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. మధ్యలో బాణీ మారితే అడుగుల వరస, చేతుల తీరు మళ్లీ మొదటి నుంచి దిద్దుకోవాల్సి వస్తుంది. ఉద్యోగరీత్యా ఊరు మారే అవకాశం ఉన్నవాళ్లు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

సంస్థల్లో చేర్పించాలనుకుంటే, లండన్‌లో 1972లో మొదలైన భారతీయ విద్యాభవన్ సంగీతం, నాట్యం రెండూ నేర్పుతుంది. కాలిఫోర్నియాలో మిల్పిటాస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్రలో కర్ణాటక సంగీతం, కూచిపూడి డిగ్రీ స్థాయిలో చదువుకోవచ్చు. 1978లో మొదలై ఏటా ఈస్టర్ రోజుల్లో జరిగే క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవానికి పిల్లలను ఒక్కసారైనా తీసుకెళ్లండి. పోటీల కోసమే కాదు, పెద్దల కచేరీలు వరసగా వినడానికి.

సంగీతంలో మొదటి ఏడాది

పిల్లల శ్రుతి ఏదో గురువు నిర్ణయించాలి. శ్రుతి అంకెల్లో (ఒకటి అంటే పియానోలో ‘సి’) ఆడపిల్లలకు నాలుగున్నర నుంచి ఆరు మధ్య, గొంతు మారిన మగపిల్లలకు ఒకటి నుంచి రెండు మధ్య కుదురుతుంది. తరగతి మొత్తానికి ఒకే శ్రుతి పెట్టినా ఇంట్లో సాధన మాత్రం ఎవరి శ్రుతిలో వారే చేయాలి. పియానో నేర్చుకుంటున్న పిల్లలు ‘స’ అంటే ‘సి’ మెట్టే అనుకుంటారు. మన సంగీతంలో పాడేవారి గొంతుకు ఏది నప్పితే అదే ‘స’ అని ముందే చెప్పాలి. మగపిల్లలకు పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య గొంతు మారేటప్పుడు తారస్థాయిని (పై స్వరాలను) బలవంతంగా పాడించకండి. శ్రుతి తగ్గించి, మంద్ర (కింది), మధ్య స్థాయిల్లోనే కొన్ని నెలలు నడిపించాలి.

వరస అందరికీ తెలిసిందే: మాయామాళవగౌళ రాగంలో సరళి, జంట, దాటు వరసలు, సప్త తాళ అలంకారాలు, ఆ తర్వాత గీతాలు, స్వరజతులు, వర్ణాలు. తప్పు ఎక్కువగా జరిగేది కాలాల దగ్గర, అంటే ఒక్కో దెబ్బకు ఎన్ని స్వరాలు పాడాలన్న దగ్గర. ఆదితాళం ఒక ఆవర్తంలో (ఒక పూర్తి చుట్టులో) మొదటి కాలంలో ఎనిమిది స్వరాలు, రెండో కాలంలో పదహారు, మూడో కాలంలో ముప్పైరెండు రావాలి. చెయ్యి మూడు కాలాల్లోనూ ఒకే నడకలో ఉండాలి, గొంతు మాత్రమే రెట్టింపు కావాలి. పిల్లలు మూడో కాలంలోకి వెళ్లగానే చెయ్యి కూడా పరుగెత్తిస్తారు. అప్పుడు కాలం మారలేదు, వేగం పెరిగిందంతే. దీన్ని పట్టుకోవడానికి తల్లిదండ్రులకు సంగీతం రానక్కర్లేదు. మెట్రోనోమ్ యాప్‌ను నిమిషానికి యాభై దెబ్బల దగ్గర పెట్టి, మూడు కాలాలూ ఆపకుండా పాడించండి. చెయ్యి యాప్‌ను దాటిపోతే మళ్లీ మొదటి కాలం నుంచి.

రోజుకు నలభై నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. పది నిమిషాలు తంబురాతో స, ప, పై స నిలిపి పట్టడం. పదిహేను నిమిషాలు వరసలు స్వరంతోనూ అకారంతోనూ (స్వరం పేరు లేకుండా ‘ఆ’ అంటూ). మిగిలిన పదిహేను కొత్త పాఠం. వారానికి ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసి, చివరి ‘స’ తంబురాలో కలిసిపోయిందా, పైనో కిందో విడిగా వినిపిస్తోందా అని పిల్లల చేతే చెప్పించండి.

ఉగాది సభలో పాడించాలని ఆరు నెలలకే కీర్తన కావాలని గురువును ఒత్తిడి చేయడం పెద్ద పొరపాటు. పిల్లలు వినికిడి మీద అనుకరిస్తారు, పాట వచ్చినట్టే ఉంటుంది. పల్లవిలో ఎత్తుగడ ఎక్కడో, తాళంలో ఏ అక్షరం దగ్గర మొదలవుతుందో అడిగితే చెప్పలేరు. వేదిక తప్పదంటే మలహరి రాగంలోని గీతం పాడించండి. శ్రుతిలో పాడిన గీతం ఏ సభకైనా అందమే.

సాహిత్యం తెలుగు లిపిలోనే

ఈ విషయంలో తెలుగు ఇళ్ల బాధ్యత ఎక్కువ. త్యాగరాజ పంచరత్నాల్లో మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగే. క్షేత్రయ్య పదాలు, భామాకలాపం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ల, ళ ఒకటైపోతాయి, న, ణ తేడా పోతుంది, ఒత్తులు మాయమవుతాయి. ముఖ్యంగా మాట ఎక్కడ విరగాలో తెలియక పిల్లలు మాట మధ్యలో ఊపిరి తీసుకుంటారు. కొత్త కృతి మొదలుపెట్టే ముందు ఇలా చేయండి: సాహిత్యం తెలుగులో రాయించండి, మాటలు విడదీయించండి, భావం చెప్పండి, స్వరం లేకుండా రెండు మూడు సార్లు చదివించండి. ఆ తర్వాతే పాట. నాట్యంలో ఇది ఇంకా అవసరం, మాట తెలియని అభినయం ముఖ కవళికల దగ్గరే ఆగిపోతుంది.

నాట్యానికి నేల

అమెరికా ఇళ్లలో బేస్‌మెంట్ కాంక్రీటు మీద పల్చని టైలో కార్పెటో ఉంటుంది. కాంక్రీటు మీద అడుగు కొడితే ఆ అదురు మడమ, మోకాలు, నడుముకు నేరుగా చేరుతుంది. కొన్నాళ్లకు కాలి ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. కార్పెట్ అరికాలిని పట్టేస్తుంది, ఒళ్లు తిరిగినా పాదం తిరగదు, మోకాలు మెలిపడుతుంది. ఎనిమిదడుగుల చదరం నేల తయారు చేసుకోవడం కష్టమేం కాదు. కింద గట్టి ఫోమ్ పరిచి, నాలుగడుగులు వెడల్పు, ఎనిమిదడుగులు పొడవు ఉన్న అర అంగుళం ప్లైవుడ్ షీట్లు రెండు పక్కపక్కన వేయాలి. ఇంకో రెండింటిని వాటికి అడ్డంగా పైన పెట్టి స్క్రూలు బిగించాలి. ఒకే పొర వేస్తే అతుకు దగ్గర వంగుతుంది. స్క్రూ తలలు చెక్కలోకి దిగాలి, పైన జారని వినైల్ పరవాలి.

అరమండిలో మోకాళ్లు పాదాల వేళ్లు చూసే దిక్కునే ఉండాలి. పాదాలు బలవంతంగా పక్కలకు తిప్పి మోకాళ్లు ముందుకు వదిలేస్తే కీలు దెబ్బతింటుంది. లోతు తక్కువైనా ఫర్వాలేదు, తుంటి నుంచి తెరుచుకోవాలి.

ఆన్‌లైన్ పాఠానికి వెళ్లే ముందు

రెండేళ్ల పునాది పడ్డాక ఇండియాలోని గురువు దగ్గర చేరవచ్చు. ఇండియా గడియారం మారదు, విదేశాల్లోది మారుతుంది. విజయవాడలో సాయంత్రం ఆరున్నర పాఠం న్యూజెర్సీలో వేసవిలో ఉదయం తొమ్మిదికి, చలికాలంలో ఎనిమిదికి వస్తుంది. లండన్‌లో మధ్యాహ్నం రెండు, ఒకటి. కాలిఫోర్నియా వాళ్లకు ఇండియా ఉదయం ఏడున్నర నయం, అక్కడ ముందు రోజు సాయంత్రం ఏడు లేదా ఆరు అవుతుంది. మార్చిలోనూ, అమెరికాలో నవంబరులో, లండన్‌లో అక్టోబరులోనూ గడియారం మారే వారం గురువుకు ముందే గుర్తుచేయండి.

జూమ్ మామూలు అమరికలో తంబురాను చప్పుడనుకుని తీసేస్తుంది, నిలిపిన స్వరాన్నీ నొక్కేస్తుంది. ఆడియో అమరికల్లో ‘ఒరిజినల్ సౌండ్’ ఎంచుకుని, పాఠం మొదలయ్యాక మళ్లీ అది పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. హెడ్‌ఫోన్లు తప్పనిసరి. ధ్వని చేరడంలో ఆలస్యం ఉంటుంది కాబట్టి గురుశిష్యులు కలిసి పాడడం కుదరదు. తంబురా ఎవరి దగ్గర వారే ఒకే శ్రుతిలో పెట్టుకుని, గురువు పాడాక శిష్యులు పాడాలి, తాళం పాడేవారే వేయాలి.

నాట్యంలో ఈ ఆలస్యం రెండింతలవుతుంది: గురువు తాళం ఆలస్యంగా చేరుతుంది, శిష్యురాలి అడుగు ఇంకా ఆలస్యంగా తిరిగొస్తుంది. నట్టువాంగం (తాళం వేస్తూ జతులు చెప్పడం) రికార్డు శిష్యురాలి గదిలోనే మోగాలి. కెమెరా నడుము ఎత్తులో, పది పన్నెండు అడుగుల దూరంలో, పాదాలు కనిపించేలా ఉండాలి. ఎదురుగా ఉన్న గురువును చూసి పిల్లలు అద్దంలో బొమ్మలా కుడికి ఎడమ నేర్చేసుకుంటారు. కొత్త జతిని (అడుగుల వరసను) గురువు ఒకసారి వెనక్కి తిరిగి చేసి చూపిస్తే ఆ చిక్కు ఉండదు.

వీణ నేర్చుకునేవాళ్లు వాతావరణాన్ని కూడా చూసుకోవాలి. చలికాలం హీటరు గాలికి పనస చెక్క ఎండి పగులుతుంది, గదిలో తేమ యాభై శాతం దగ్గర ఉంచాలి. వేసవిలో కారులో వదిలితే మెట్లను పట్టి ఉంచే మైనం మెత్తబడి అవి కదులుతాయి.

రంగప్రవేశం

రంగప్రవేశం అంటే శిష్యురాలి మొదటి పూర్తి ప్రదర్శన. దాని తేదీని హాలు కాదు, గురువు నిర్ణయించాలి. అనుకున్న అంశాలన్నీ ఒకే రోజు ఆపకుండా, ఊపిరి అందక అడుగు తేలిపోకుండా చేయగలిగినప్పుడే హాలు మాట్లాడండి. ఇండియా నుంచి వాద్య బృందాన్ని అమెరికాకు పిలిపిస్తే టూరిస్టు వీసా మీద పారితోషికం ఇవ్వకూడదు; సంప్రదాయ కళాకారులకు పీ-3 వీసా ఉంది, దాని కాగితాలు నెలల ముందే మొదలుపెట్టాలి. ప్రదర్శనకు ముందు బృందంతో కనీసం మూడు పూర్తి రిహార్సళ్లు జరిగేలా ప్రయాణం ఏర్పాటు చేయండి. రికార్డుకు అలవాటుపడిన పిల్లలు మృదంగం నడక కాస్త మారగానే తడబడతారు.