చూడి ఎలుక గడువు దాటినా ఈనడం లేదా? సమస్య - పరిష్కారం

పెట్ షాపుల్లో ఆడా మగా ఎలుకలు తరచూ ఒకే డబ్బాలో పెరుగుతాయి. ఆడపిల్ల ఐదారు వారాల వయసుకే చూలు కట్టగలదు. అందుకే ఇంటికి ఒక్క మగ ఎలుక కూడా రాకపోయినా, తెచ్చిన ఆడది అప్పటికే చూడిదై ఉండొచ్చు. "రెండూ ఆడవే" అని ఇచ్చిన జతలో ఒకటి మగదని నెల తర్వాత బయటపడటం ఇంకా మామూలు. ఇలా చెప్పాపెట్టకుండా వచ్చిన చూలులో అందరినీ పీకేది ఒకటే: తేదీ దాటిందా, లేదా? దాంతోనే మొదలుపెడదాం.

"23 రోజులు అయిపోయాయి, ఇంకా ఈనలేదు"

చాలాసార్లు లెక్క దగ్గరే తప్పు జరుగుతుంది. ఎలుక చూలు మోసేది 21 నుంచి 23 రోజులు, అరుదుగా 24. ఆడది నాలుగైదు రోజులకోసారి ఎదకొస్తుంది. ఎద ఉండేది 12 గంటలకు అటూ ఇటూగా, అదీ ఎక్కువగా రాత్రిపూట. జతకట్టడానికి సెకన్లు చాలు. కాబట్టి మీ కంటపడిన రోజే చూలు నిలిచిందని నమ్మకం లేదు. ఒక్క తేదీ పట్టుకుని కూర్చోకుండా రెండు తేదీలు రాసుకోండి.

మగదాన్ని మే 1న తెచ్చారనుకుందాం. అది మగదని మే 10న తెలిసి వేరు చేశారు. మొదటి రోజుకు 21 కలిపితే మే 22, అంతకంటే ముందు ఈనదు. చివరి రోజుకు 23 కలిపితే జూన్ 2. ఈ రెంటి మధ్య ఏ రోజు ఈనినా అది నెలలు నిండిన కాన్పే. మే 28న "గడువు దాటింది" అని కంగారుపడితే అనవసరంగా ఎలుకను కదిపి, పొట్ట నొక్కి ఇబ్బంది పెట్టినట్టే. జూన్ 3 కూడా గడిచిందంటే మాత్రం నిజంగానే దాటింది. షాపు నుంచి నేరుగా వచ్చిన ఆడదైతే మొదటి తేదీ అంటూ ఉండదు, తెచ్చిన రోజే ఈనవచ్చు. చివరి తేదీ మాత్రం తెచ్చిన రోజుకు 23 కలిపితే వస్తుంది.

చివరి తేదీని తలకిందులు చేసేవి కొన్ని ఉన్నాయి. పక్కపక్కనే పెట్టిన పంజరాల ఊచల సందుల్లోంచి కూడా జతకడతాయి. తోబుట్టువులని కలిపి ఉంచిన మగపిల్లలు ఐదు వారాలు దాటితే తండ్రులు కాగలవు. సోఫా మీద పది నిమిషాలు కలిపి ఆడించినా అది కలవడమే. ఇక పాలిస్తున్న తల్లి మళ్ళీ చూలు కడితే పిండాలు గర్భసంచికి అంటుకోవడం ఆలస్యమవుతుంది. అప్పుడు చూలు వారం రోజుల దాకా ఎక్కువ సాగవచ్చు. ఇది రోగం కాదు.

వీటిలో ఏదీ వర్తించకపోతే, చివరి తేదీ మర్నాడే డాక్టరుకు ఫోను చేయండి. ఎలుక చలాకీగా తింటూ తిరుగుతున్నా సరే, రెండు రోజులు చూద్దామనుకోవద్దు. లోపల పిల్లలు పెరుగుతూనే ఉంటాయి, పెరిగేకొద్దీ దారిలో ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. ఒకటో రెండో పిల్లలున్న చూలులో ఈ బెడద మరీ ఎక్కువ. తిండంతా వాటికే అంది, తల పెద్దదవుతుంది.

"పొట్ట ఉంది గానీ, అసలు చూలేనా?"

వంటింటి డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి, రోజూ ఒకే సమయానికి తూచి రాసుకోండి. మొదటి పది రోజులు పెద్దగా తేడా కనిపించదు. రెండు వారాలు దాటాక బరువు రోజురోజుకూ ఎగబాకుతుంది. పెద్ద కాన్పయితే మొత్తం 100 గ్రాములు దాటడం మామూలే. దాదాపు 14వ రోజుకు చనుమొనలు తేలి, వాటి చుట్టూ వెంట్రుకలు పలచబడతాయి. ఎలుకకు 12 చన్నులు. పొట్ట పక్కటెముకల కింద రెండు వైపులా సమానంగా ఉబ్బి, పైనుంచి చూస్తే బేరిపండులా కనిపిస్తుంది.

ఒక పక్కే గడ్డలా ఉండి, చర్మం కింద వేలికి జరుగుతుంటే అది చన్ను దగ్గర కణితి అయ్యే అవకాశం ఎక్కువ. ఆడ ఎలుకల్లో ఇవి చాలా సాధారణం. చంకల్లో, ఛాతీ మీద కూడా ఒత్తుగా ఉంటే కొవ్వు. ఏడాది దాటిన ఆడదానికి పొట్ట ఉబ్బి, నీళ్లు విపరీతంగా తాగుతూ, కింది నుంచి చీములాంటిది కారుతుంటే గర్భసంచిలో చీము పట్టినట్టు అనుమానించాలి. దీన్ని "గడువు దాటిన చూలు" అనుకుని ఎదురుచూస్తే ప్రాణం పోతుంది.

గూడు కట్టి, చన్నులు ఉబ్బి, రెండు వారాలకు అన్నీ చప్పున తగ్గిపోతే అది ఉత్తుత్తి చూలు. ఆపరేషన్ చేసిన మగదానితో జతకట్టినా ఇలా జరుగుతుంది. మందు అక్కర్లేదు. ఇంకోటి, నిజంగానే నిలిచిన పిండాలు తొలి రోజుల్లో చనిపోతే ఒంట్లోనే ఇంకిపోతాయి. రక్తం కూడా కనిపించకపోవచ్చు. బరువు కొన్నాళ్లు పెరిగి ఆగి, మెల్లగా తగ్గి, ఎలుక హుషారుగానే ఉంటే కారణం ఇదే కావచ్చు.

తేల్చుకోవాలంటే అల్ట్రాసౌండ్ స్కాన్ మేలు, 12వ రోజు దాటితే తెలుస్తుంది. ఎక్స్‌రేలో పిల్లలు కనిపించాలంటే ఎముకలు గట్టిపడాలి. అది చివరి వారంలో జరిగే పని. అంతకు ముందు తీయిస్తే "ఏమీ లేదు" అని తప్పుడు ధైర్యం వస్తుంది. పొట్ట నొక్కి పిల్లల్ని లెక్కపెట్టే పని మాత్రం ఇంట్లో వద్దు.

"రక్తం కనిపించింది, పిల్ల రాలేదు"

ఇక్కడి నుంచి లెక్క రోజుల్లో కాదు, గంటల్లో. మొదటి చుక్క చూసిన వేళ రాసుకోండి.

కాన్పు సవ్యంగా సాగితే ఇలా ఉంటుంది: కింద కొంచెం రక్తం కలిసిన జిగురు కనిపిస్తుంది. ఎలుక ఒళ్లు సాగదీసి, పొట్ట నేలకానించి నడుస్తుంది. నొప్పి వచ్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పీక్కుంటాయి. గంట, గంటన్నరలో మొదటి పిల్ల పడుతుంది. తర్వాత అయిదు నుంచి పదిహేను నిమిషాలకొకటి. తల్లే ఉమ్మసంచి చింపి, పిల్లను నాకి, బొడ్డు కొరికి, మాయ తినేస్తుంది. మాయ తింటే ఒంటికి మంచిదే, లాక్కోకండి. ఎనిమిది నుంచి పన్నెండు పిల్లలు మామూలు, ఇరవై దాకా వెళ్లిన కాన్పులూ ఉన్నాయి. మొత్తం రెండు మూడు గంటల్లో ముగుస్తుంది.

రక్తం కనిపించి రెండు గంటలైనా ఒక్క పిల్లా రాకపోతే ఆసుపత్రికి బయల్దేరాలి, రాత్రి పన్నెండైనా సరే. కిందివాటిలో ఏది కనిపించినా ఆ రెండు గంటలు కూడా ఆగొద్దు: ఎర్రటి రక్తం ఆగకుండా కారడం, కంపుకొట్టే పచ్చని లేదా నల్లని స్రావం, పాదాలు, చెవులు పాలిపోయి చల్లబడటం, రోమాలు నిక్కబొడుచుకుని ముడుచుకుపోవడం. కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రగా కారేది రక్తంలా కనిపిస్తుంది గానీ, అది కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే రంగు ద్రవం. అయినా బాధలో ఉందని చెప్పే గుర్తే.

కారణాలు ప్రధానంగా మూడు. పిల్ల అడ్డం తిరగడం లేదా దారికి మించి పెద్దది కావడం ఒకటి. గర్భసంచి అలసిపోయి నొప్పులు ఆగిపోవడం రెండు. లోపల పిల్ల చనిపోయి ఇరుక్కోవడం మూడు. ఏది జరిగిందో బయటి నుంచి చెప్పలేం. అందుకే నొప్పుల ఇంజెక్షన్, అంటే ఆక్సిటోసిన్, సొంతంగా వేయకూడదు. గేదెల పాలు దిగడానికి దొంగచాటుగా వాడే మందు అదే కాబట్టి కొన్నిచోట్ల సులువుగా చేతికొస్తుంది. దారి మూసుకుపోయి ఉన్నప్పుడు అది వేస్తే గర్భసంచి చిరిగిపోతుంది. డాక్టరు ముందు అడ్డం లేదని చూసుకుని, అవసరమైతే కాల్షియంతో పాటు, ఎలుక బరువును బట్టి కొలిచి వేస్తారు. పని చేయకపోతే ఆపరేషనే. అప్పుడు గర్భసంచి కూడా తీసేయించడం మంచిది, మళ్ళీ ఈ తిప్పలుండవు.

పిల్ల సగం బయటికొచ్చి ఆగిందా? పది నిమిషాలు తల్లికే వదలండి. అప్పటికీ కదలకపోతే, నీళ్లలో కరిగే లూబ్రికెంట్ జెల్లీ చుట్టూ రాసి, తడిబట్టతో పిల్ల ఒంటిని పట్టుకుని, తల్లి ముక్కినప్పుడే కిందివైపుకు మెల్లగా లాగండి. ముక్కనప్పుడు లాగొద్దు. వేలు గానీ పట్టకారు గానీ లోపలికి పెట్టొద్దు. రెండుసార్లకు రాకపోతే వదిలేసి ఆసుపత్రికి వెళ్లండి.

ఎలుకకు ఆపరేషన్ చేసే డాక్టర్లు ప్రతి ఊళ్లోనూ దొరకరు. ఆవులు, కుక్కలు చూసే ఆసుపత్రుల్లో చాలాచోట్ల "ఎలుకా?" అని నవ్వి పంపేస్తారు. కాబట్టి చూలు అనుమానం వచ్చిన రోజే ఫోన్లు చేసి, రాత్రి చూసేవాళ్లెవరో కనుక్కుని పెట్టుకోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో, గన్నవరంలో పశువైద్య కళాశాలలున్నాయి, అక్కడ అడిగితే కనీసం ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది. తీసుకెళ్లేటప్పుడు పుట్టిన పిల్లలుంటే గూటితో సహా వెంట తీసుకెళ్లండి. ఎలుక వాంతి చేసుకోలేదు, కాబట్టి ఆపరేషన్ ఉందని పస్తు పెట్టక్కర్లేదు. ఈ మాట డాక్టరుతో కూడా ఓసారి అనండి.

"కొన్ని పిల్లలు పుట్టి ఆగిపోయింది"

తల్లి గూట్లో పడుకుని పాలిస్తూ, తింటూ ఉంటే కాన్పు అయిపోయినట్టే. పొట్ట ఇంకా గట్టిగా ఉండి, పిల్లల్ని వదిలేసి అటూ ఇటూ తిరుగుతూ, మళ్ళీ మళ్ళీ ముక్కుతుంటే లోపల ఇంకోటి ఉంది. రెండు గంటల నియమం ఇక్కడా అంతే. మర్నాడో, మూడోనాడో తల్లి తిండి మానేసి కింద కంపు వాసన వస్తే, మాయ ముక్కో చచ్చిన పిల్లో మిగిలిపోయి కుళ్లుతోందన్నమాట. యాంటీబయాటిక్ ఆలస్యమైతే తల్లితో పాటు పాలు లేక పిల్లలూ పోతాయి.

"గూడు కట్టడం లేదు, రొప్పుతోంది"

మన మే నెల ఎండలు చూడి ఎలుకకు గండం. ఎలుకకు చెమట పట్టదు, ఒంటి వేడి పోయే ముఖ్యమైన దారుల్లో తోక ఒకటి. గది 30 డిగ్రీలు దాటితే నిండు చూలాలు తట్టుకోలేదు. ఒళ్లు చాపి పడుకుని, లాలాజలం కారుస్తుంటే వడదెబ్బే. పంజరాన్ని నేల మీదికి దించండి. నీళ్ల సీసా గడ్డకట్టించి బట్ట చుట్టి ఒక మూల పెట్టండి, కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది. కూలర్ గాలి సూటిగా తగలకూడదు.

చివరి వారానికి దాన్ని ఒంటరిగా, ఒకే అంతస్తు ఉన్న పెట్టెలోకి మార్చాలి. ఊచల పంజరంలో సందు ఒక సెంటీమీటరు దాటితే కళ్లు తెరిచిన పిల్లలు దూరిపోతాయి. 60 సెంటీమీటర్ల పొడవున్న ప్లాస్టిక్ డబ్బాకు మూత కోసి సన్నని ఇనుప జాలీ బిగిస్తే సరిపోతుంది. లోపల ఒక చెప్పుల డబ్బా, పక్కన రంగులేని టిష్యూ కాగితాలు, సన్నగా చింపిన తెల్ల కాగితం వేయండి, గూడు అదే కట్టుకుంటుంది. దూది, నూలు దారాలు వద్దు. పిల్లల కాళ్లకు చుట్టుకుని రక్తం ఆగిపోతుంది. దేవదారు పొట్టు ఘాటుకు ఊపిరితిత్తులు పాడవుతాయి. గూడు కట్టకపోయినా కంగారొద్దు, కొన్ని ఈనే గంట ముందు కడతాయి.

రోజువారీ మేతకు తోడు ఉడికించిన గుడ్డు ముక్క, ఉప్పూ కారం లేని చికెన్, ఉడికిన పెసరపప్పు, కాస్త రాగిముద్ద ఇవ్వండి. నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి, పాలిచ్చేటప్పుడు తాగేది రెట్టింపు దాటుతుంది.

"పిల్లలు పాలు తాగడం లేదు"

పుట్టినప్పుడు పిల్ల 5, 6 గ్రాములుంటుంది. చర్మం పలచన కాబట్టి తాగిన పాలు పొట్ట ఎడమవైపు తెల్లటి పట్టీలా కనిపిస్తాయి. పుట్టిన రోజే అది చూడాలి. తల్లి మేతకు బయటికొచ్చినప్పుడు, తల్లి పడక వాసన చేతికి రుద్దుకుని చూడండి, అరనిమిషం చాలు. 24 గంటలైనా ఒక్కదానికీ పట్టీ లేకపోతే తల్లికి పాలు పడలేదు. అదే ఈడు పిల్లలున్న ఇంకో తల్లి దొరికితే అంతకంటే మంచి దారి లేదు. లేదంటే పిల్లిపిల్లల కోసం అమ్మే పాలపొడి కలిపి, గోరువెచ్చగా, సన్నని పెయింటింగ్ బ్రష్ కొనతో రెండు గంటలకోసారి పట్టాలి, రాత్రిళ్లు కూడా. పిల్లను బోర్లానే పట్టుకోండి, వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పట్టిన ప్రతిసారీ తడి గుడ్డతో కింద నిమిరితేనే మూత్రం వస్తుంది. ఆవుపాలు విరేచనాలు తెస్తాయి. ఇంత చేసినా తొలి వారంలో చాలా పిల్లలు నిలవవు, అది మీ చేతకానితనం కాదు.

తల్లి చచ్చిన పిల్లను తినేస్తుంది. గూడు శుభ్రంగా ఉంచుకునే పద్ధతి అది. బతికున్నవాటి మీదికి వెళ్తోందంటే ఎవరో పదేపదే గూడు కదుపుతున్నారని, లేదా దానికి నీళ్లో తిండో చాలడం లేదని అర్థం.

"నెల తిరక్కుండా మళ్ళీ చూలు"

ఈనిన 24 గంటల్లోపే తల్లి మళ్ళీ ఎదకొస్తుంది. అందుకే మగదాన్ని కాన్పుకు ముందే వేరే గదికి పంపాలి. పిల్లలు రెండు వారాలకు కళ్లు తెరుస్తాయి, నాలుగో వారానికి పాలు మానతాయి. మలద్వారానికీ మూత్రద్వారానికీ మధ్య దూరం మగపిల్లలో ఆడదానికి దాదాపు రెండింతలు. పక్కపక్కన పెట్టి పోల్చితే మొదటి వారంలోనే తెలుస్తుంది. పదో రోజు ప్రాంతంలో ఆడపిల్లల చనుమొనలు కనిపిస్తాయి, అప్పుడు ఇంకోసారి సరిచూసుకోండి. సరిగ్గా 35వ రోజుకు మగపిల్లలన్నీ తల్లి నుంచీ, అక్కచెల్లెళ్ల నుంచీ వేరైపోవాలి. తండ్రికి ఆపరేషన్ చేయించినా కనీసం నాలుగు వారాలు ఆడవాటితో కలపొద్దు, అప్పటిదాకా దానికి చూలు కట్టించే సత్తా మిగిలే ఉంటుంది.