పెరటి టమాటాలు ఒక్కసారే పండితే

పక్కింటివాళ్లకు పంచినా ఇంకా బుట్టెడు మిగిలాయా? ఎండ బాగుంటే నిలవ పచ్చడి పెట్టేయండి. కడిగి, తడి పూర్తిగా తుడిచి ముక్కలు కోయండి. కిలోకు సుమారు 100 గ్రాముల కల్లుప్పు, కాస్త పసుపు కలిపి జాడీలో ఊరనివ్వండి. మూడో రోజు ముక్కలు పిండి ఎండబెట్టాలి. ఊరిన రసాన్నీ ఎండలో పెట్టి, చింతపండు అందులోనే నానేయాలి. నీళ్ల చుక్క తగలకూడదు. ముక్కలు ఎండాక అన్నీ కలిపి రుబ్బి జాడీకెత్తండి. కారం, మెంతిపిండి, ఇంగువ పోపు మాత్రం ఎప్పటికప్పుడు కొంచెంగా కలుపుకుంటేనే రుచి.

మబ్బు పట్టిందా, ఈ పని పెట్టుకోవద్దు. కాయలు అలాగే ఫ్రీజర్‌లో పడేయండి. తీశాక నీళ్లలో ముంచితే తొక్క ఇట్టే ఊడొస్తుంది. పప్పులోకి, చారులోకి బ్రహ్మాండం, పచ్చి ముక్కలుగా మాత్రం పనికిరావు.