ఊరు దాటి పనికి పోయే ముందు

పరీక్షలు అయిపోయి, పొలం పనులు తగ్గే ఎండాకాలంలో చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఏజెంట్లు తిరుగుతుంటారు. మనుషుల అక్రమ రవాణా అంటే నోరు నొక్కి వ్యానులో ఎత్తుకుపోవడమే అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. తెలిసినవాళ్లే ఉద్యోగమనో పెళ్లనో చెప్పి తీసుకెళ్తారు. "ఇష్టపడే పోయింది కదా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మోసంతోనో బెదిరించో తీసుకెళ్లి దోపిడీ చేస్తే, భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద అది నేరమే. బాధితురాలు సరేనన్నా నేరం పోదు.

కువైట్‌కు ఇంటిపనికి పోయే అక్కచెల్లెళ్ల గురించే నాకు ఎక్కువ భయం. "విజిట్ వీసా మీద పో, అక్కడ మార్చుకోవచ్చు" అన్నాడంటే ఆ ఏజెంటును వదిలేయండి. పదో తరగతి పాస్ కానివాళ్లకు సాధారణంగా ఈసీఆర్ (విదేశానికి పనికి పోయే ముందు ప్రభుత్వ తనిఖీ అవసరమనే ముద్ర ఉన్న) పాస్‌పోర్టు వస్తుంది. దానిమీద గల్ఫ్‌లో పనికి పోవాలంటే ప్రభుత్వ ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. ఇంటిపనికైతే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. ఈ తనిఖీ తప్పించడానికే విజిట్ వీసా. అక్కడ దిగాక పాస్‌పోర్టు లాక్కుంటారు, వీసా గడువు తీరిపోతుంది, పారిపోయి వస్తే కేసు మీ మీదే పడుతుంది.

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. రసీదు అడగండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం ఫొటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. యజమాని పక్కనే ఉన్నా కష్టంలో ఉన్నానని ఇంటికి తెలిసేలా, ఫోన్లో చెప్పే ఒక మాట ముందే అనుకోండి.

డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా, మయన్మార్‌కు పిలిచినా ఇంతే జాగ్రత్త. అక్కడ మన కుర్రాళ్లను బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించారు.

ఇటుక బట్టీకి అడ్వాన్సు తీసుకున్నా, అప్పు తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టిచాకిరీ. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఆ అప్పునే రద్దు చేస్తుంది. కలెక్టరుకు, ఆర్డీవోకు ఫిర్యాదు చేయొచ్చు.

తిరుపతి, రేణిగుంట స్టేషన్లలో ఒంటరిగా పిల్లలు కనిపిస్తే ఇంటికి తీసుకెళ్లకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, రైల్వే పోలీసులు వచ్చేదాకా దగ్గరే ఉండండి. మీ ఇంట్లోవాళ్లే కనబడకపోతే ఒక రోజు చూద్దామని ఆగొద్దు. పోలీసులు మా పరిధి కాదన్నా, పరిధితో పని లేకుండా రాసే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి, ఏ స్టేషన్లోనైనా రాయాలి.